నోట్లో తీపి వాసన

మా ఇంట్లో రోజూ పళ్ళు తోముకోవడానికి ముందు ఒక తనిఖీ జరిగేది. పెరటి గుమ్మం దగ్గర ఎండ పడేచోట నాన్న పీట వేసుకుని కూర్చునేవారు. చేతిలో గడ్డం గీసుకునే అద్దం. ముందు అన్నయ్య వెళ్ళి నోరు తెరిచేవాడు. నాన్న అద్దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎండ వాడి నోట్లో పడేలా చేసి, లోపలంతా చూసి, "ఊఁ, పో" అనేవారు. తరవాత నా వంతు. నా దగ్గరికి వచ్చేసరికి అద్దం పక్కన పెట్టి ముందు వాసన చూసేవారు.

"ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు నాన్నా."

"తినకపోతే తీపి వాసన ఎందుకొస్తోంది?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అప్పటికి నాకు ఐదో ఏడు నడుస్తోంది. నా ముందుపళ్ళు నాలుగూ పుప్పిపట్టి, నల్లబడి, కాలిపోయిన అగ్గిపుల్లల్లా మిగిలాయి. అన్నయ్య పళ్ళు మాత్రం మొక్కజొన్న గింజల్లా ఉండేవి. ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం, ఒకే పళ్ళపొడితో తోముకునేవాళ్ళం. అందుకే నాన్నకి అనుమానం. ఇద్దరికీ ఒకటే తిండి అయినప్పుడు ఒక్కరి పళ్ళే ఎందుకు పుచ్చుతాయి? ఎవరూ చూడకుండా నేను ఏదో తింటున్నాననే ఆయన లెక్క.

నాన్న గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం పోర్టులో ఉద్యోగానికి వచ్చారు. ఓడల్లోంచి దిగే సరుకు సరిగ్గా ఉందో లేదో చూడడం ఆయన పని. పైకి బాగానే కనిపించే బస్తాని కూడా నాలుగు వైపులా తిప్పి చూడాలి. ఎక్కడో ఒక చిరుగు ఉంటుందని అనుకుని వెతకాలి. ఆ చూపు ఇంటికొచ్చాక కూడా దిగేది కాదు. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని, బియ్యం కొట్టువాడు రాళ్ళు కలుపుతున్నాడని, అద్దె ఇంటి గోడలో సిమెంటు బదులు మట్టి పెట్టారని ఆయనకి ఎప్పుడూ ఏదో ఒక అనుమానం ఉండేది. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. అదే వచ్చిన చిక్కు.

నిజానికి నా పళ్ళ మీద అనుమానం అంతకు ముందే మొదలైందట. నాకు పైపళ్ళు ముందు వచ్చాయి. పైపళ్ళు ముందొస్తే మేనమామకి గండం అని మా అమ్మవైపు వాళ్ళు భయపడ్డారు. నన్ను చూడడానికి రైలు టిక్కెట్టు కూడా కొనుక్కున్న మా మావయ్య ప్రయాణం మానుకున్నాడు. కింది పళ్ళు కూడా వచ్చాక గానీ మా గుమ్మం తొక్కలేదు. ఆ పైపళ్ళే, రెండేళ్ళు నిండేసరికి, చిగురు దగ్గర సున్నంతో గీసినట్టు తెల్లబడ్డాయని అమ్మ చెప్పేది. ఆ తెల్లగీత పచ్చబడింది, పచ్చది గోధుమరంగైంది, ఆ తరవాత అంచులు పిండిలా రాలడం మొదలైంది.

నాన్న మొదట పళ్ళపొడిని అనుమానించారు. అప్పట్లో మా ఇంట్లో ఎర్రపొడి వాడేవాళ్ళం. అందులో ఇటుకపొడి కలుస్తోందని మానిపించారు. కొన్నాళ్ళు వేపపుల్ల. నా పుచ్చిన పళ్ళకి అది తగిలితే ప్రాణం పోయేది. ఇంకొన్నాళ్ళు ఉప్పూ, పిడకలు కాల్చిన కచ్చికా. ఒకసారి ఓడలో వచ్చిన విదేశీ మనిషెవరో నాన్నకి ఒక పేస్టు ట్యూబు ఇచ్చాడు. దాని మీద అక్షరాలు ఏ భాషవో తెలీదు. అన్నయ్యా నేనూ దాని చుట్టూ మూగాం. మూత తీస్తే పుదీనా వాసన వచ్చింది. నాన్న దాన్ని మా నోట్లో పెట్టనివ్వలేదు. "ఏం రాశారో చదవలేని వస్తువు నోట్లోకి పోకూడదు" అని ఇత్తడి చెంబు మీద రాసి చూశారు. చెంబు తళతళలాడింది. "చూశావా, ఇత్తడినే ఒలిచేసింది, పళ్ళని వదుల్తుందా?" అన్నారు. అమ్మ ఆ ట్యూబు అయిపోయేదాకా దేవుడి సామాను తోముకుంది.

తరవాత నీళ్ళ మీదికి పోయింది అనుమానం. ఆ తరవాత గాలి మీదికి. మేముండేది పాతవూళ్ళో, పోర్టుకి దగ్గర్లో. ఆరేసిన బట్టల మీద ఇనుప ఖనిజం ధూళి ఎర్రగా పేరుకునేది. నాకు పసితనం నుంచి ఆయాసం. ఊపిరి పీలిస్తే ఛాతీలో పిల్లికూతలు వినపడేవి. ఆ ధూళి వల్లే ఆయాసం అని నాన్న గట్టిగా నమ్మేవారు. అదే ధూళి పళ్ళని కూడా తింటోందేమో అన్నారు. కానీ మా వీధిలో పిల్లలందరికీ అదే ధూళి కదా, వాళ్ళ పళ్ళు బాగానే ఉన్నాయని అమ్మ అంది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది. అనుమానం తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఒకరోజు అమ్మ పక్కబట్టలు దులుపుతూ, "ఏమండీ, ఇలా రండి" అని పిలిచింది. నా తలగడ మీద చీమలు. సరిగ్గా నా నోరు ఆనే చోట, బారు కట్టి మరీ ఉన్నాయి.

నాన్న తలగడని ఎండలోకి తీసుకెళ్ళి చూశారు. వేలితో ఆ మరకని రాసి, నాలిక మీద పెట్టుకున్నారు.

"తీపి," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. చాలా రోజులుగా వెతుకుతున్న చిరుగు దొరికినట్టు ఒక తృప్తి ఉంది. కొట్టి ఉంటే వేసే భయం కంటే అది చూసి నాకు ఎక్కువ భయమేసింది.

ఆ రోజు నుంచి పంచదార డబ్బా అటక ఎక్కింది. బెల్లం కుండకి గుడ్డ కట్టి ముడి వేశారు. ముడి ఎలా వేశారో నాన్న గుర్తుపెట్టుకునేవారు. అయినా మర్నాడు పొద్దున నా నోట్లో తీపి వాసన. మళ్ళీ చీమలు. ఇంట్లోది ఏదీ తగ్గలేదు, అంటే బయటి నుంచి వస్తోంది. బయట అంటే ఇంకెవరు?

మా ఇంటి యజమానులు ఒక ముస్లిం కుటుంబం. ముందు భాగంలో వాళ్ళు, వెనక రెండు గదుల్లో మేము. ఆయన రేకు పెట్టెలు చేసేవారు. పొద్దస్తమానం సుత్తి చప్పుడు. ఆవిడ వీధి అరుగు మీద చిన్న కొట్టు పెట్టుకున్నారు. నిమ్మతొనలు, జీళ్ళు, కొబ్బరుండలు గాజుసీసాల్లో వరసగా ఉండేవి. ఆవిడ మనవలు నానీ అని పిలిచేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. నాకు ఆయాసం వచ్చినప్పుడు అమ్మ కంటే ముందు ఆవిడే వచ్చి నా వీపు నిమిరేది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొట్టు నడిపేది కూడా.

నాన్న ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ వస్తూ ఆ అరుగు దగ్గర ఆగారు. నేను ఆవిడ పక్కనే కూర్చుని ఉన్నాను.

"మా అమ్మాయి మీ దగ్గర ఏమైనా కొనుక్కుంటోందా అమ్మా?"

"డబ్బులు మీరిత్తే కదా బాబూ కొనుక్కునేది? ఇచ్చినారా ఏటి?" అని నవ్వింది నానీ.

నాన్న నవ్వలేదు. "కొనకపోయినా, చిన్నపిల్ల కదా అని మీరేమైనా పెడుతున్నారేమోనని."

నానీ నవ్వు ఆపింది. "దాని పళ్ళు అలాగున్నాయని నాకు కళ్ళు లేవా? నా కొట్లో సరుకు మీ పిల్ల నోట్లోకి ఒక్కటీ ఎల్లలేదు. అడిగినా నాను ఇవ్వలేదు. దాన్నే అడగండి."

నాన్న నన్ను అడగలేదు. సీసాల వంక చూశారు. ఒక్కో సీసాలో సరుకు ఎంతవరకు ఉందో కళ్ళతోనే కొలుస్తున్నట్టు చూశారు. ఆయన అలా చూడడం ఆవిడా చూసింది. లేచి, సీసాలు ఒక్కొక్కటిగా లోపల పెట్టడం మొదలుపెట్టింది. నేను ఏడుస్తూ నిమ్మతొనల సీసా పట్టుకుని సాయం చెయ్యబోతే నా చేతిలోంచి మెల్లగా తీసేసుకుంది.

"వద్దమ్మా. నువ్వు ముట్టుకోకు. మళ్ళీ అదో మాటౌద్ది."

లోపల సుత్తి చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. పెద్దాయన బయటికి రాలేదు.

మర్నాటి నుంచి నానీ మాతో మాట్లాడలేదు. మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, పంపు దగ్గరికి రావద్దనీ అనలేదు. కానీ వాళ్ళ వాకిట్లో ఉన్న పంపుకి వెళ్ళడానికి అమ్మకి ముఖం చెల్లక, వీధి చివరి కుళాయి నుంచి బిందెలు మోసుకొచ్చేది. నాకు ఆయాసం వచ్చినప్పుడు ముందు వాకిలి వైపు తలుపు తెరుచుకుంటుందేమోనని చూసేదాన్ని. తెరుచుకునేది కాదు.

అప్పుడు నాకూ అనుమానం పట్టుకుంది. నేను తినలేదు. నానీ పెట్టలేదు. మరి తీపి ఎక్కణ్నుంచి వస్తోంది? నేను నిద్రపోయాక ఎవరో నా పెదాలకి బెల్లం రాస్తున్నారని నమ్మాను. ఆ ఎవరో అన్నయ్యే అయ్యుంటాడు. వాడికి నన్ను తిట్టించడం సరదా. అన్నయ్యకి బడి లేని ఒక రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పడుకున్నట్టు నటించి, కళ్ళు సగం తెరిచి కనిపెట్టాను. అన్నయ్య గోలీలు పట్టుకుని బయటికి పోయాడు. నాన్న ఆఫీసుకి. అమ్మ ఒక్కతే వచ్చింది. నా పక్కన కూర్చుని, మెల్లగా తల ఎత్తి, చెంచాతో మందు పోసింది. గుటక వేసి మళ్ళీ పడుకున్నాను. ఇంకెవరూ రాలేదు. అన్నయ్య కాదని తేలింది, అంతే. మందు సంగతి నాకు తట్టనే లేదు. మందు అంటే మందు. అది తిండి కాదు కదా.

బళ్ళో వేసిన ఏడాది నా ఎడమ దవడ వాచింది. పైన ఒక దవడపన్ను చిగుళ్ళో చీము పట్టింది. కన్ను మూసుకుపోయేంత వాపు. లవంగనూనె పెట్టారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు, పసుపు కాచి పట్టు వేశారు. తగ్గలేదు. టీచరమ్మ నన్ను చూసి భయపడి, మధ్యలోనే ఇంటికి పంపించేసింది. సీతమ్మధారలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్తే, నాన్న సెలవు పెట్టారు. సెలవు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. పళ్ళ డాక్టర్లంటే అంతకంటే ఇష్టం లేదు. పైపన్ను పీకితే కంటి నరం తెగి చూపు పోతుందని ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారు.

సిటీ బస్సులో అమ్మ ఒళ్ళో కూర్చుని వెళ్ళాను. దార్లో ఆయాసం వస్తే ఉండాలని అమ్మ మందు సీసా సంచిలో వేసుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నాన్నకి అది కూడా నచ్చలేదని ఆయన నుదురు చూస్తేనే తెలిసింది. ఆవిడ నా నోరు చూసి, "ఈ పన్ను తీసెయ్యాలి. మిగతావి శుభ్రం చేసి కాపాడుకోవచ్చు" అంది.

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవేగా. తియ్యడమెందుకు, కాపాడ్డమెందుకు?" అన్నారు నాన్న.

"ఊడిపోయేవే. కానీ వాటి కిందే అసలు పళ్ళు తయారవుతుంటాయండీ. ఈ చీము అక్కడిదాకా పోకూడదు. ఇంకో సంగతి, పాలపన్ను తన చోటు తాను కాసుకుని ఉంటుంది. ముందే పోతే పక్కవి జరిగి వచ్చేస్తాయి, తరవాత వచ్చేదానికి చోటుండదు. అందుకే తప్పనిసరైనదే తీస్తాను."

"పైపన్ను తీస్తే చూపు పోతుందంటారు."

ఆవిడ నవ్వలేదు. "నాకు పైన రెండు తీశారండీ. మీ చేతిలో బస్సు టిక్కెట్టుంది కదా, అటు తిప్పండి, ఇక్కణ్నుంచి చదువుతాను."

నాన్న నిజంగానే తిప్పారు. దాని మీద ఉన్న అంకెలన్నీ ఆవిడ చదివింది. నాన్న టిక్కెట్టు తన వైపు తిప్పుకుని సరిచూసుకున్నారు కూడా. అమ్మ సిగ్గుతో తల వంచుకుంది.

ఇంక అడగడం డాక్టరమ్మ వంతైంది. ఆవిడ అనుమానం నాన్న అనుమానం కంటే సన్నగా ఉండేది. "పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టేవారా?" లేదంది అమ్మ. "తేనె, పంచదార నీళ్ళు?" లేదు. "పడుకునేముందు ఇంకేమైనా నోట్లోకి వెళ్తుందా?"

"ఏమీ వెళ్ళదమ్మా," అంది అమ్మ. "మందొక్కటే. ఆయాసానికి. పసిపిల్లగా ఉన్నప్పట్నుంచీ రెండు పూటలా, పడుకునేముందు. మందు పడితే హాయిగా నిద్రపోతుంది."

"ఆ మందు ఉందా?"

అమ్మ సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. ఎర్రగా, చిక్కగా ఉండే సిరప్పు అది. డాక్టరమ్మ మూత తిప్పితే రాలేదు. గట్టిగా తిప్పితే కరకరమంటూ వచ్చింది. మూత లోపల, సీసా మెడ చుట్టూ, పంచదార గడ్డకట్టి పలుకులుగా మెరుస్తోంది. ఆవిడ మూతని నాన్న ముందు పెట్టింది.

నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు.

"మందులో తప్పు లేదు," అంది ఆవిడ, అమ్మ ముఖం చూసి కాబోలు, గొంతు తగ్గించి. "పిల్లకి ఊపిరాడాలి కదా, మందు మానకండి. కానీ పాకం లాంటిది తాగించి పడుకోబెడితే అది తెల్లవార్లూ పళ్ళకి అంటుకునే ఉంటుంది. తాగించాక నోరు కడిగించండి, పళ్ళు తోమించండి, ఆ తరవాత మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. మాత్రల్లో ఇవ్వడం కుదురుతుందేమో మీ డాక్టరు గారిని అడగండి."

ఆ రోజు పన్ను తీశారు. సూది గుచ్చినప్పుడు నేను నాన్న చెయ్యి కొరికాను. ఆయన చెయ్యి లాక్కోలేదు.

తిరుగు బస్సులో అమ్మ కొంగుతో ముఖం దాచుకుని ఏడ్చింది. "నా చేత్తో నేనే పోశాను. దాన్ని దొంగని చేశాం."

"కొని తెచ్చింది నేను," అన్నారు నాన్న. కాసేపయ్యాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆవిడకీ మన డాక్టరు గారికీ ఏమైనా గొడవలున్నాయేమో" అని కూడా అన్నారు. అమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. నాన్న ఆ మాట అక్కడితో వదిలేశారు.

కానీ నమ్మనూ లేదు. ఇంటికి రాగానే పెరట్లో రెండు బాదం ఆకులు పరిచారు. ఒకదాని మీద నీళ్ళలో కలిపిన పంచదార, రెండోదాని మీద నా మందు. పీట వేసుకుని వాటి ఎదురుగా కూర్చున్నారు. దవడలో దూది పెట్టుకుని నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి చీమ గోడ దిగి వచ్చింది. పంచదార నీళ్ళ ఆకుని దాటుకుని మందు ఆకు దగ్గరికి పోయింది. దాని వెనకే బారు. నాన్న లేచి, చీమల్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి, లోపలికొచ్చి చొక్కా వేసుకున్నారు.

నానీ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళారు. ఆవిడ అరుగు మీద కొట్టు సర్దుతోంది. నాన్న ఎదురుగా నిలబడ్డారు. ఏదో అనబోయి ఆగారు. అలవాటుగా ఆయన చూపు సీసాల మీదికి పోయింది.

"ఏటి బాబూ," అంది నానీ. "మాట సెప్పడానికొచ్చినారా, మళ్ళీ సీసాలు లెక్కెట్టడానికొచ్చినారా?"

"తప్పైపోయిందమ్మా. మందులో ఉంది తీపి. మీ మీద అనుమానపడ్డాను."

"మందులోనా?" ఆవిడ నా దవడ వంక చూసింది. లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "సర్లెండి. పిల్లకి మేలైతే అదే సాలు." మళ్ళీ సీసాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నాన్న ఇంకా నిలబడే ఉంటే, "కొట్టుకి అడ్డమొత్తన్నారు బాబూ" అంది.

నాన్న తప్పైందంటే అన్నీ వెంటనే మామూలైపోతాయని నేను అనుకున్నాను. కాలేదు. పంపు దగ్గరికి రమ్మని మాత్రం ఆ సాయంత్రమే అమ్మకి కబురొచ్చింది. నానీ ఒళ్ళోకి నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆవిడ పిలవనూ లేదు. నా ముందుపళ్ళు ఊడి, చిగుళ్ళలోంచి కొత్తపన్ను తెల్లగా తొంగిచూసిన రోజుల్లో, ఒకసారి వాకిట్లో నన్ను ఆపింది.

"నోరు తెరు."

తెరిచాను. వంగి, తల అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"బాగుంది. ఇది పుచ్చిందంటే నా మీదెయ్యకండి, మీ నాన్నకి సెప్పు." అని నా బుగ్గ గిల్లింది. గట్టిగానే గిల్లింది. ఆ తరవాత నుంచి మళ్ళీ మాట్లాడుకున్నాం. కానీ ఆ కొట్టులో ఏ పిల్లకైనా ఏదైనా ఇచ్చేముందు, "మీ అమ్మకి తెలుసా?" అని అడగడం ఆవిడకి అలవాటైపోయింది.

ముందే తీసేసిన ఆ దవడపన్ను చోటు డాక్టరమ్మ చెప్పినట్టే మూసుకుపోయింది. తరవాత రావాల్సిన పన్ను వంకర తిరిగి, పక్కదాని భుజమెక్కి వచ్చింది. నవ్వినప్పుడు ఎడమవైపు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలా మొదలైంది.

ఎనభైల్లో నాకు పెళ్ళైంది. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. కూర్మన్నపాలెంలో కాపురం. బాబు పుట్టాక నేను ఎవర్నీ నమ్మలేదు. పాలు తాగించాక తడిగుడ్డ వేలికి చుట్టుకుని వాడి చిగుళ్ళు తుడిచేదాన్ని. మా అత్తగారు మంచం మీద కూర్చుని వింతగా చూసేవారు.

"పళ్ళే రానేదు కదమ్మా, ఏటి తుడుస్తన్నావు?"

"వచ్చేచోటు అత్తయ్యా."

"రాని సుట్టానికి ముందే కాళ్ళు కడుగుతన్నావన్నమాట."

ఆవిడ పల్లెలో ఎవరి చేతో మన్యం తేనె తెప్పించారు. వేలితో వాడి నాలికకి రాద్దామని ఆవిడ ఆశ. నేను సీసా తీసి బియ్యం డబ్బాలో దాచేశాను. ఆవిడ రెండు రోజులు వెతికి, మూడో రోజు అన్నం వండబోయి డబ్బాలో చెయ్యి పెట్టి, సీసాని పట్టుకుని నా ముందుకొచ్చారు.

"నానేటి, నా మనవడికి ఇసం ఎడతానా?"

నా చిన్నప్పటి సంగతంతా చెప్పాను. మందు, చీమలు, దవడ వాపు. ఆవిడ విన్నారు. "మీ అమ్మ పాపం ఎంత ఏడ్సిందో" అన్నారు. తేనె పెట్టడం మానుకున్నారు. కానీ నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా వంటింట్లో చప్పుడైతే చెవులు రిక్కించడం నేను మానుకోలేదు. వాడికి జ్వరం మందు పోసినా, వెంటనే నోరు కడిగి, వెలుతురులో కూర్చోబెట్టుకుని పళ్ళ వెనక వేలు పెట్టి తడిమి చూసేదాన్ని. వాణ్ని ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే ఆయన ఏమీ లేదనేవాడు. ఏమీ లేదంటే సరిగ్గా చూడలేదేమో అని ఇంకొకరికి చూపించేదాన్ని. "అచ్చం మీ నాన్నవే నువ్వు" అనేవాడు మా ఆయన.

బాబు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక నా అనుమానానికి పని పెరిగింది. పొద్దున, "పళ్ళు తోమావా?" అంటే "తోమాను" అనేవాడు. వెళ్ళి బ్రష్షు తడిమేదాన్ని. తడిగా ఉండేది. కొన్నాళ్ళకి పేస్టు తరగడం లేదని గమనించాను. ఒకరోజు స్నానాల గది తలుపు సందులోంచి చూస్తే, వాడు బ్రష్షుని కుళాయి కింద పెట్టి, శ్రద్ధగా తడిపి, రెండుసార్లు విదిలించి, దాని చోట్లో పెట్టేశాడు. నోట్లో నీళ్ళు పోసుకుని గట్టిగా శబ్దం చేస్తూ ఉమ్మాడు. బయటికొచ్చి, నేను అడగకుండానే, "తోమేశానమ్మా" అన్నాడు. ముఖంలో ఎక్కడా తడబాటు లేదు.

వాడి పళ్ళ కంటే ఆ ముఖం చూసి నాకు ఎక్కువ బెంగ పట్టుకుంది. నేను అడగడం నేర్చుకున్నంత నేర్పుగా వాడు తప్పించుకోవడం నేర్చుకున్నాడు. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్తే, "వాడితో పాటు నువ్వూ తోముకోవచ్చు కదా" అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

మర్నాటి నుంచి ఇద్దరం కుళాయి దగ్గర పక్కపక్కన నిలబడి తోముకున్నాం. వెనకాల పళ్ళు వాడికి అందవు కాబట్టి నేను తోమేదాన్ని, తరవాత నా పళ్ళు వాడు తోముతాననేవాడు. నా వంకరపన్ను దగ్గర బ్రష్షు ఆగిపోయేది. "ఇదెందుకమ్మా ఇలా పడుకుంది?" అని అడిగేవాడు. బళ్ళో పుట్టినరోజుల చాక్లెట్ల సంగతి కూడా తేల్చేశాను. ఇస్తే తినొచ్చు, నాకు చెప్పాలి, చెప్పాక నోరు కడుక్కోవాలి. చెప్పినందుకు తిట్టను. ఆ చివరి మాట వాడు నమ్మలేదు. నన్ను పైకీ కిందికీ చూశాడు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, సంచి కింద పెట్టకుండానే నా ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. నాలిక మీద సగం కరిగిన చాక్లెట్టు.

"తింటున్నాను," అన్నాడు. "చూడు. చెప్తున్నాను."

నేను తిట్టలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి, వాడు మొత్తం చప్పరించేదాకా పక్కనే కూర్చున్నాను. వాడు నన్నే చూస్తూ నెమ్మదిగా తిన్నాడు. నేను ఏ క్షణంలో మాట మారుస్తానోనని వాడి చూపు. నోరు పుక్కిలించాక మళ్ళీ తెరిచి చూపించాడు.

"ఒకటే తిన్నావా?" అని అడగకుండా ఉండలేకపోయాను.

"ఒకటే."

సాయంత్రం వాడి నిక్కరు ఉతకబోతే జేబులో రెండు చాక్లెట్టు కాగితాలు దొరికాయి. అడిగితే, రెండోది స్నేహితుడిదని, పారెయ్యడానికి చోటు లేక తన జేబులో పెట్టాడని చెప్పాడు. ఆ అబ్బాయి ఎవరో, వాడి పళ్ళెలా ఉంటాయో ఒకసారి చూడాలి, ఆదివారం ఇంటికి తీసుకురమ్మన్నాను.